సాంచాలే, ఏం కాదు

మగ్గాల మోతకు రఘుపతి చెవులు దెబ్బతిని పదేళ్లు దాటింది. ఎదుటివాళ్లు ఒకటి అడిగితే ఇతను ఇంకోటి చెప్పి నవ్వులపాలవుతుంటాడు. అయినా పనికి ఏ లోటూ రాలేదు, అరికాళ్లు ఉన్నాయి కదా. గోడాదరాలోని కార్ఖానాలో ఎనిమిది సాంచాలు అతని చేతికింద ఆడేవి. కరెంటు మగ్గాన్ని సిరిసిల్ల వాళ్లు సాంచా అంటారు, సూరత్‌కి వచ్చినా ఆ మాట మారలేదు. చెప్పులు విడిచి బండల మీద నిలబడితే చాలు, ఏ సాంచాలో దారం మోసే నాడె వంకరగా కొడుతోందో, దేనికి నట్టు వదులైందో కాళ్లే చెప్పేవి.

కార్ఖానా పైనే కూలీల గదులు. కింద సాంచాలు ఆడినంతసేపూ పైన మంచం, గిన్నెలు, గ్లాసులో నీళ్లు అన్నీ వణుకుతూనే ఉంటాయి. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాళ్లు మొదటిరోజు బెంబేలెత్తి గుమ్మంలోకి పరుగెడతారు. అప్పుడు పాతవాళ్లు నవ్వి ఒకే మాట చెబుతారు: "సాంచాలే, ఏం కాదు." కాపురానికి వచ్చిన రోజు భూదేవికి రఘుపతి చెప్పిన మొదటి మాట కూడా అదే. నేలతల్లి పేరు పెట్టుకుని నేలకే భయపడుతుందని అందరూ ఆటపట్టించారు.

తమ్ముడు ముత్యం ఊరి నుంచి వచ్చినప్పుడు అతనికీ అదే చెప్పాడు. పంతొమ్మిదేళ్ల కిందటి సంగతి. జనవరి ఇరవై ఆరు, జెండా పండగ పొద్దున. సేఠు ఆ రోజు కూడా సాంచాలు ఆపలేదు. డ్యూటీ దిగి వచ్చిన ముత్యం పైన నిద్రపోతున్నాడు. భూమి కదిలింది. వీధి వీధంతా బయటికి పరుగెత్తింది గానీ కార్ఖానాలో రఘుపతితో సహా ఒక్కరూ తల ఎత్తలేదు. ఊగే నేల ఇంకాస్త ఊగితే ఎవరికి తెలుస్తుంది! పంపు దగ్గర నీళ్లు పడుతున్న భూదేవి మెట్లెక్కి పరుగున వచ్చి మరిదిని కేకేసింది. అతను కళ్లు సగం తెరిచి, "సాంచాలే వదినా," అని దుప్పటి ముసుగు తన్నాడు. ఆమె లోపలికి అడుగు పెట్టేలోపే గోడ అతని మీద కూలింది.

ముత్యం చివరి మాట ఆమె రఘుపతికి ఒక్కసారే చెప్పింది, మళ్లీ ఎత్తలేదు. గోడను మళ్లీ కట్టించారు. వీళ్లు ఆ గదిలోనే ఉండిపోయారు, పని వదిలి ఎక్కడికి పోతారు? రఘుపతి మాత్రం ఆ తర్వాత ఆ మాట ఎవరితోనూ అనలేదు. నోటిని కట్టేసుకున్నాడు గానీ కాళ్లకు ఎవరు చెప్పాలి? నేల వణికితే సాంచాలేనని అవి ఇరవై ఆరేళ్లుగా ఒకటే నమ్మకంతో ఉన్నాయి.

కరోనా వచ్చి సాంచాలు ఆగిపోయాయి. మొదటి వారం హాయిగానే ఉంది. తర్వాత రఘుపతికి కంటి మీద కునుకు కరువైంది. మంచం కదలదు, గ్లాసులో నీళ్లు కదలవు. ఆ కదలని నేల మీద పడుకోలేక ఒళ్లంతా పచ్చిపుండయ్యేది. ఏ పనీ చేయని మనిషికి ఇంత అలుపు ఎక్కడిదో అతనికే అర్థం కాలేదు. జూన్‌లో భూదేవికి జ్వరం పట్టుకుని రెండు వారాలు వదల్లేదు. తగ్గింది గానీ ఒంట్లో సత్తువ మిగల్లేదు. ఆసరా లేకుండా మంచం దిగలేదు, ఇక మెట్ల మాట సరేసరి. ఎత్తి కూర్చోబెట్టడం, గంజి పట్టడం, తల దువ్వడం అన్నీ రఘుపతే. ఇంట్లో వాళ్లిద్దరే.

ఎదురింటి స్వరాజ్యం కూతురు రుచిత గుమ్మం బయట నిలబడి పాలు ఇచ్చి వెళ్లేది. ఆ పిల్లకు బడి ఫోన్లోనే. ఒకరోజు పాఠం విని వచ్చి, భూమి కింద పెద్ద పెద్ద పలకలుంటాయని, అవి ఏడాదికి మన గోళ్లు పెరిగినంత జరుగుతుంటాయని, ఒకదాన్నొకటి నెట్టుకుని పట్టు తప్పినప్పుడు భూకంపం వస్తుందని గట్టిగా అరిచి చెప్పింది.

"అయితే భూమికి గూడ సుట్టీ లేదన్నమాట," అన్నాడు రఘుపతి.

భూదేవి నవ్వలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం. రఘుపతి ఆమెకు అన్నం కలుపుతున్నాడు. కాళ్ల కింద బండ వణికింది. గ్లాసులో నీళ్లు వణికాయి. మూడు నెలలుగా ఎదురుచూసిన వణుకు! అతని మొహం చాటంత అయింది.

"సాంచాలే!" అన్నాడు. పంతొమ్మిదేళ్లుగా రాని మాట, ఎంత తేలిగ్గా వచ్చిందో. కంచం కింద పెట్టి మెట్లు దూకినట్టు దిగాడు. వెనక భూదేవి పిలిచింది. అతనికి వినపడలేదు.

వీధిలో జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తుతుంటే, రఘుపతి ఒక్కడే కార్ఖానాలోకి పరుగెత్తాడు. లోపల చీకటి, దుమ్ము. తన సాంచా మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. నాడె ఉన్నచోటే ఉంది. పడుగు దారాలు మాత్రం వాటంతట అవే సన్నగా వణుకుతున్నాయి. చూస్తుండగానే అవీ ఆగిపోయాయి.

అప్పుడు తెలిసింది, వణికింది సాంచాలు కాదని. మెట్లన్నీ ఎలా ఎక్కాడో తెలియదు. భూదేవి మంచం మీద లేదు. కింద పడి, పాక్కుంటూ వచ్చి, గడప పట్టుకుని ఉంది. మోచేయి దోక్కుపోయి నెత్తురు కారుతోంది. ఇంకేం కాలేదు. చిన్న ప్రకంపనేనట, ఎక్కడా గోడ కూడా బీటలివ్వలేదని ఫోన్లలో చెప్పుకున్నారు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. అలిసిపోయిన గొంతుతో అతని చెవి దగ్గర అంది: "ముత్యం గూడ గదే అన్నడు."

రఘుపతి గడప దగ్గరే కూలబడ్డాడు. ఆమె మోచేతికి పసుపు అద్దుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తమ్ముడు పోయినప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు.

పది రోజులకు కబురొచ్చింది, రేపు ఎనిమిదింటికి సాంచాలు మొదలవుతాయని. వీధంతటికీ తెలుసు, ఇద్దరికీ తెలుసు. సరిగ్గా ఎనిమిదికి నేల ఊగింది. భూదేవి మంచం పట్టెను గట్టిగా పట్టుకుని అతని మొహం వైపు చూసింది. మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకుని, ఆయాసపడుతూ, మెట్టు మెట్టుకీ ఆగుతూ కిందికి దించాడు. వీధి దాటించి స్వరాజ్యం వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టాడు.

"సాంచాలే గదా," అంది భూదేవి.

కాళ్లతోనే సాంచా నాడి పట్టే రఘుపతి తల అడ్డంగా ఊపాడు. "నాకు తెల్వదు. నువ్వు జర ఈడనే కూసో. నేను చూసొస్త."

లోపల పని చూసే ముకద్దం ఆలస్యమైందని ఏదో అరిచాడు. రఘుపతి వినిపించుకోలేదు. వీధి వైపు తలుపు బార్లా తీసి, అరుగు కనిపించే చోట నిలబడి పని మొదలుపెట్టాడు. తల ఎత్తినప్పుడల్లా భూదేవి అక్కడి నుంచి చెయ్యి ఊపుతోంది.