హాల్లో విమానం

విమానంలో ఎలా కూర్చోవాలో పిల్లలకు ముందే అలవాటు చేద్దామని ఇల్లాలు హాల్లో కుర్చీలన్నీ వరసగా వేసింది. ఏడేళ్ల కూతురు ఎయిర్‌హోస్టెస్. నాలుగేళ్ల కొడుకు ప్రయాణికుడు. వాడు ఒకచోట కుదురుగా కూర్చోవడమే పెద్ద ఘనకార్యం. సిటీ బస్సు నడిపే ఇంటాయన కూడా ఈ పూట ప్రయాణికుడే. నడుముకు చున్నీతో బెల్టు కట్టించుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

పెద్దమ్మ ఉండే దేశానికి వెళ్లడం వీళ్లకిదే మొదటిసారి. పిల్లలు ఆవిడను ఇంతవరకూ ఫోన్లోనే చూశారు. టికెట్లు మాత్రం ఇంకా కొనలేదు. ఇదిగో అదిగో అంటూ నెట్టుకొస్తున్నది ఈ మహానుభావుడే. పిల్లలకు చలి పడదన్నాడు, డిపోలో సెలవు దొరకదన్నాడు. సెలవిచ్చామని మేనేజరే ఇంటికి ఫోన్ చేసి చెప్పేసరికి ఆ పప్పులూ ఉడకలేదు.

విమానం కదులుతోందని కూతురు ప్రకటించింది. డ్రైవరుగారి కుడికాలు నేలమీద బ్రేకు నొక్కింది. మలుపు తిరుగుతోందంది. ఆయన చేతులు లేని స్టీరింగును తిప్పేశాయి. పక్కనే కొడుకు కూడా అచ్చం అలాగే తిప్పాడు. ఇల్లాలికి విషయం బోధపడింది.

"భయంగా ఉంటే మీరు ఉండిపోండి. నేనూ పిల్లలూ వెళ్లొస్తాం," అంది.

కోపంగా అనలేదు. అందుకే ఆయనకు అన్నంత పనీ చేస్తుందనిపించింది. పిల్లలు మొదటిసారి మబ్బుల్ని పైనుంచి చూసి కేరింతలు కొడుతుంటే, తనిక్కడ ఖాళీ ఇంట్లో టీవీ ముందు కూర్చోవాలి.

"భయం కాదే. నడిపేవాడెవడో మనకు తెలీదు. తలుపేసుకుని లోపలెక్కడో కూర్చుంటాడు. వాణ్ని నమ్మి పిల్లల్ని ఎలా ఎక్కించమంటావు?"

కూతురు చేతిలోని ట్రే కింద పెట్టింది. "నీ బస్సెక్కేవాళ్లకి నువ్వు తెలుసా నాన్నా?"

"అందరికీ నేనెలా తెలుస్తానమ్మా?"

"మరి వాళ్ల పిల్లల్ని ఎందుకు ఎక్కిస్తారు?"

"ఎందుకేంటి, నడిపేది నేను కదా. నేనుండగా వాళ్లకేం..."

రోజూ చంకన పిల్లల్నెత్తుకుని తన బస్సెక్కే తల్లులు గుర్తొచ్చారు. వాళ్లలో ఒక్కరైనా ఏనాడూ తన ముఖంకేసి తేరిపార చూసింది లేదు. ఆయనకు సిగ్గేసింది. లోలోపల కాస్త గర్వంగానూ అనిపించింది.

ఇల్లాలు ఫోన్లో టికెట్ల పేజీ తెరిచింది. మూడు సీట్లా, నాలుగా అని అడగబోతుంటే, ఆయన ఫోన్ లాక్కుని నాలుగని తనే కొట్టాడు. ఆఖరి బటన్ మాత్రం కళ్లు గట్టిగా మూసుకుని నొక్కాడు.