నూకయ్య చెయ్యి

ఆయిల్ పడ్డ చోట ఇసుక చల్లి, చీపురుతో పక్కకి ఊడ్చేసి, నూకయ్య మళ్ళీ ఒంగి చూశాడు. కారు ఇంజను మీద మూతలా హెడ్డు కూర్చునే అంచు పొడవునా సన్నటి తడి. ఇది నాలుగోసారి. మూడుసార్లు హెడ్డు దించి, మధ్యలో వేసే గ్యాస్కెట్ మార్చి, తన చేత్తోనే బోల్టులు బిగించాడు. మూడుసార్లూ నెల తిరక్కుండా అక్కడే చెమ్మ ఊరింది.

నెల్లిమర్లలో మిల్లుకి వెళ్ళే రోడ్డు పక్కన ఆ రేకుల షెడ్డు వేసి ముప్పై ఒక్క ఏళ్ళు. నూకయ్య పొట్టి మనిషి. చేతి గీతల్లోకి దిగిన నలుపు ఏ సబ్బుకీ లొంగదు. ఎప్పుడో జాకీ కింద చితికిన కుడి బొటనవేలి గోరు రెండుగా చీలి పెరిగింది. పెళ్ళికి వెళ్తే ఆ చెయ్యి జేబులోంచి బయటికి తీసేవాడు కాదు. గొప్పగా చెప్పుకునే పనేదీ జీవితంలో చెయ్యలేదు. బళ్ళు కుంటుతూ వచ్చేవి, నడిచి వెళ్ళేవి. అంతే.

పోయిన వేసవి నుంచి ఆ చెయ్యి వణకడం మొదలెట్టింది. సరిగ్గా అప్పుడే గణపతిరావు కారు ఆయిల్ కక్కడం మొదలెట్టింది. గణపతిరావు జూట్ మిల్లులో నార వడికి వడికి రిటైరై, పాత డీజిల్ కారొకటి బాడుగలకి తిప్పుకుంటున్నవాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు గానీ, కుర్రతనం నుంచీ బావా అంటే బావా అనుకునే వరస. అలాంటివాడే పోయిన నెల టీ కొట్టు దగ్గర నలుగురి ముందూ నూకయ్య చెయ్యి పోయిందన్నాడు. సాయంత్రానికల్లా ఆ మాట షెడ్డుకి చేరింది. నూకయ్యకి కోపం రాలేదు. తనూ అదే అనుకుంటున్నాడు, బాధల్లా అదే.

ఆమదాలవలసలో ఉన్న కూతురు దుర్గాభవాని ఎన్నాళ్ళ నుంచో వచ్చెయ్యమంటోంది. ఇన్నాళ్ళూ ఏదో వంక చెప్పినవాడు ఈసారి సరేనన్నాడు. సాయంత్రం పాసింజరుకే ప్రయాణం. బట్టల సంచి పొద్దున్నే కట్టేశాడు. షెడ్డులోని సామాను ఒక్కటీ తీసుకోదలచలేదు. గోడమేకుకి వేలాడే పెద్ద పానా వైపు చూడను కూడా లేదు. చెయ్యి పోయినవాడికి పానా ఎందుకు?

అలాంటి రోజున గణపతిరావు కారు తెచ్చి, కొత్త గ్యాస్కెట్ పొట్లం బానెట్ మీద పెట్టి, ఎటో చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు హెడ్డు దించితే రైలు అందదు. దించకపోతే చేతకాక పారిపోయినట్టే.

"ఓపాలి స్టార్టు సెయ్యి బావా," అన్నాడు నూకయ్య. "నడస్తుండగా సూస్తాను."

మూడుసార్లూ తడి ఉన్న చోటునే పట్టుకుని వేలాడాడు. ఇది తన ఆఖరి బండి. ఈసారి మొదట్నుంచీ చూద్దామనిపించింది. ఆయిల్ పోసే మూత విప్పి, ఆ కన్నం మీద అరచెయ్యి ఆనించాడు. లోపలి గాలి అరచేతిని ఎగదన్నింది. పాత ఇంజనుకి కాస్త గాలి సహజమే గానీ ఇంత తోపు ఉండకూడదు. ఆ గాలి బయటికి పోవడానికే ఒక రబ్బరు గొట్టం ఉంది. మరి ఎందుకు పోవడం లేదు?

ఇంజను ఆపించి, గొట్టం వెంబడే వేళ్ళు దించుకుంటూ పోయాడు. వెనకాల, కంటికి ఆనని చోట, గొట్టం కింది మూతిలో మెత్తగా ఏదో తగిలింది. చీలిన గోటితో పట్టి లాగితే వేలెడు పొడవు చుట్ట, నల్లగా, ఆయిల్ ఓడుతూ వచ్చింది. పిండి విప్పి చూస్తే గోగునార. మిల్లు వాళ్ళకి కన్నం కనబడితే చాలు, కుళాయైనా కిటికీ సందైనా ఇంత నార మెలిపెట్టి కుక్కేస్తారు. బయటికి దారి లేని గాలి ఏడాదిగా ఆయిల్‌ని అంచుల్లోంచి తోసేస్తోందన్నమాట.

గణపతిరావు ఆ చుట్టను చూడగానే గుర్తుపట్టాడు.

"నానే పెట్టినాను బావా. తాయారుకి పొగ పడదు కదా. ఆ గొట్టంలోంచే వస్తన్నాదని కుక్కీసినాను. తరవాత నాకు గేపకమే నేదు."

తాయారు అతని భార్య. ఇదివరకు రామతీర్థం వెళ్తుంటే దారి పొడవునా కిటికీలోంచి తల బయటికి పెట్టి వాంతులు చేసుకునేది. పోయిన వేసవి నుంచి హాయిగా నిద్రపోతోందని గణపతిరావు అందరికీ చెప్పేవాడు. ఆయిల్ కూడా పోయిన వేసవి నుంచే.

నూకయ్యకి ముందు నవ్వొచ్చింది. తర్వాత కళ్ళు చెమర్చాయి. గొట్టం కడిగి, మూరెడు కొత్త ముక్క అతికి, తాయారుకి పొగ తగలకుండా దాని మూతిని బండి కిందకి దించాడు. మేకుకి ఉన్న పెద్ద పానా తీసి, హెడ్డు బోల్టులు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. ఒక్కటీ సడల్లేదు. చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది. వణికితే వణికింది, బిగింపు ఎక్కడికీ పోలేదని ఇప్పుడు తెలిసింది.

అంచు శుభ్రంగా తుడిచి ఇద్దరూ రామతీర్థం దాకా వెళ్ళి తిరిగొచ్చారు. బానెట్ ఎత్తి, అంచు పొడవునా వేలు రాసి, ఆ వేలిని గణపతిరావు మొహానికి ఎదురుగా పెట్టాడు. ఇందాక ఆయిల్ కారిన అంచు ఇప్పుడు పొడిగా ఉంది. ఏడాది బరువు ఆ వేలి మీంచి దిగిపోయింది. కొత్త గ్యాస్కెట్ పొట్లం విప్పే పనే పడలేదు.

గణపతిరావు ఆ టీ కొట్టు దగ్గరే, ఆ నలుగురి ముందే జరిగింది చెప్తానన్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"ఉండిపోకూడదేటి బావా?"

"పిల్లకి మాటిచ్చీసినాను. పొద్దున్న ఓడిపోయి ఎల్తన్నాననుకున్నాను. ఇప్పుడు కూతురింటికి ఎల్తన్నాను, అంతే."

నూకయ్య బట్టల సంచి విప్పి, రెండు చొక్కాల మధ్య పెద్ద పానా పెట్టి మళ్ళీ కట్టాడు. తలుపు వేసి తాళం గణపతిరావు చేతికిచ్చాడు. ఆ కారులోనే స్టేషన్‌కి వెళ్ళారు. పాసింజరు ఆలస్యం లేకుండానే వచ్చింది. రైలు కదిలాక నూకయ్య కిటికీలోంచి కుడిచెయ్యి బయటికి పెట్టి, ప్లాట్‌ఫారం దాటేదాకా ఊపుతూనే ఉన్నాడు.

షెడ్డులో, ముప్పై ఏళ్ళు పానా వేలాడిన మేకుకి నూకయ్య తగిలించి వెళ్ళిన నార చుట్ట ఆరుతోంది. దాని కొసన ఆఖరి ఆయిల్ బొట్టు ఇంకా కింద పడలేదు.