పాఠంలో లేని తీగ

మైదానంలో హెలికాప్టర్ ఇంకా పొగ కక్కుతూనే ఉంది. ఇంధనం నింపుతుండగా నిప్పురవ్వ లేచింది. శిక్షణకు వచ్చిన డ్వేన్ చేతులు మోచేతుల దాకా కాలాయి. అంబులెన్స్ అలా వెళ్ళగానే, జార్జియా ఎండలో మేజర్ హాలిస్ విచారణ మొదలుపెట్టాడు.

"గొట్టం తెరిచే ముందు నిప్పురవ్వ లేవకుండా హెలికాప్టర్‌కు రాగి తీగ తగిలించమని చెప్పలేదా, సార్జెంట్?"

"కొత్త పద్ధతిలో నన్ను నోరు మెదపొద్దన్నారు సర్. పాఠం కార్డులే నేర్పుతాయట," అన్నాడు శిక్షకుడు పర్విస్. "ఇన్నేళ్ళూ అరిచి నేర్పా. ఒక్కడికీ చెయ్యి కాలలేదు."

"పాఠం మీదకి నెట్టకు. నీ భుజం మీది సార్జెంట్ చారలు ఊడతాయి."

ఆ పాఠం రాసిన లోర్నా పక్కనే ఉంది. పనిని ముక్కలు చేసి, ముక్కకో కార్డు రాసింది ఆమే.

"దీన్ని సైనికుల మీద పరీక్షించారుగా, మేడమ్?" అన్నాడు మేజర్.

"పరీక్షించాను. అందరూ నెగ్గారు." అది అబద్ధం కాదు. అయినా ఆమె చెవులు వేడెక్కాయి.

"మళ్ళీ చూద్దాం సర్," అన్నాడు పర్విస్. "వంటవాడు ఓటిస్ ఈ గొట్టం ముట్టిన పాపాన పోలేదు. ఇంధనం బదులు నీళ్ళు పెట్టి, కార్డులు అతని చేతికివ్వండి."

ఓటిస్ చేతులు తుడుచుకున్నాడు. "ఇది నన్ను చంపదుగా?"

"నీ గ్రేవీ తిని బతికినవాళ్ళం. నీకేం కాదు," అన్నాడు పర్విస్.

ఓటిస్ ఒక్కో కార్డూ పైకి చదివి, చదివినట్టే చేశాడు. గొట్టం తెరిచాడు. నీళ్ళు చిమ్మాయి. తీగ చుట్ట చుట్టినట్టే ఉండిపోయింది. ఏ కార్డులోనూ దాని మాటే లేదు.

"మరి అప్పుడు అందరూ ఎలా నెగ్గారు?" అన్నాడు మేజర్.

"వాళ్ళకి పని ముందే వచ్చు సర్. కార్డులో లేకపోయినా అలవాటుగా తీగ తగిలిస్తారు," అన్నాడు పర్విస్.

"పచ్చి కొత్తవాళ్ళ మీదే పరీక్షించాలని నియమం. పాతవాళ్ళని పెట్టిందెవరు?"

పర్విస్‌కు తెలుసు. కానీ చాడీలు చెప్పే మనిషి కాదు. బూట్ల వైపు చూశాడు. "గుర్తు లేదు సర్."

"అయితే నువ్వే పంపావన్నమాట. చారలు విప్పు."

పర్విస్ తన భుజం మీది చారలు విప్పబోయాడు. లోర్నా అతని ముఖంలోకి చూడలేకపోయింది.

"ఆయన కొత్తవాళ్ళనే పంపారు," అంది. మేజర్ ఆమె వైపు తిరిగాడు. మళ్ళీ చెప్పింది. "ఆయన కొత్తవాళ్ళనే పంపారు. వాళ్ళు తడబడుతుంటే మొద్దులనుకున్నాను. కొత్త పద్ధతి చూడడానికి జనరల్ వచ్చేలోగా పాఠం నెగ్గాలని, వాళ్ళని సగంలో పంపేసి పని వచ్చినవాళ్ళని పిలిపించాను."

"ఎవరు పిలిపించారో పేరుతో చెప్పండి, మేడమ్. విచారణ పత్రంలో రాయాలి," అన్నాడు మేజర్.

"లోర్నా టిబెట్స్."