గంజి తాగిన అంగీ

నవ్వితే ఏమవుతుందని ఎవరికైనా అనుమానం ఉంటే, పంతొమ్మిది వందల అరవైలో లక్సెట్టిపేట సాలెవాడలో బతికినవాళ్లని అడగాలి. ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు.

పొద్దుగూకే ముందు పంచాయతీ ఆఫీసులో రేడియో పెట్టేవాళ్లు. మగ్గం గుంటల్లోంచి లేచి మొగవాళ్లు అరుగు మీద చేరేవాళ్లు, ఆడవాళ్లు ఎదురు గోడ పక్కన నిలబడేవాళ్లు. అందరూ ఎదురుచూసేది గంగక్క కోసం. పట్నం రేడియోలో ఊళ్ల నుంచి వచ్చిన కార్డులు చదివేది ఆమె. ఏ ఊరిదో ఆ గొంతు గానీ, మన పక్కింటి అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టే ఉండేది.

ఆ సాయంత్రం గంగక్క ఇలా మొదలుపెట్టింది. "లక్సెట్టిపేట నుంచి కార్డొచ్చింది. పేరు రాయలే గని నోరు మాత్రం మస్తున్నది. ఇనుండ్రి. 'గంగక్కా, మా సాలెవాడల గంజికి కరువొచ్చింది. భాకరి నానేసుకుందామంటే చుక్క లేదు. యాడికి పోయిందని దేవులాడితే మా ప్రెసిడెంటు అంగీల దొరికింది. అందరి గంజి అదొక్కతే తాగి ఎట్లైందంటే, లోపల మనిషి లేకున్నా నిలబడుతది. మొన్న మీటింగుకు అంగీ ఒక్కతే వచ్చింది. మేం దండం పెట్టినం, అది కాలరు ఊపింది. తీర్మానాలన్ని పాసైనయి. మనిషి రాలేదని ఇప్పటిదాక ఎవలకు ఎర్క లేదు.'"

అబ్బో, ఆ నవ్వు! మొండయ్యకు పొలమారింది. అటెండరు గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. నేతగాళ్ల సొసైటీ ప్రెసిడెంటు రామచంద్రం ఖద్దరు అంగీ సంగతి ఎవరికి తెలియదు? పెళపెళలాడే గంజి. ఆయన వీధి మలుపు తిరగకముందే అంగీ చప్పుడు వినిపించేది.

అంత మందిలో నవ్వనిది నర్మద ఒక్కతే. ఎందుకంటే ఆ కార్డు రాసింది ఆమె.

అంతకుముందు రెండు కార్డులు రాసింది, ఒకటి దోమల మీద, ఒకటి పడుగు పోగులు కొరికే ఎలుకల మీద. రెండూ ఏ చెత్తబుట్టలో పడ్డాయో, గంగక్క చదవనే లేదు. ఇదీ అంతే అనుకుంది. పొద్దస్తమానం మూసుకుని ఉండే నోరు కదా, కాగితం మీద కాసేపు తెరిచింది. అది తాలూకా అంతటికీ వినపడుతుందని కలగన్నదా?

ఇంటికి రాగానే మొగుడు సిద్దిరాములు తలుపు దగ్గరకు వేశాడు.

"గంగక్క భాకరి అన్నది."

"అంటే?"

"అంటే ఏంది నర్మదా? గీ ఊళ్లె రొట్టెను భాకరి అనేటోళ్లు ఎన్నిండ్లు?"

రెండిళ్లు. నర్మద పుట్టి పెరిగింది సోలాపూర్‌లో. తాత కాలంలోనే మిల్లు పని కోసం ఇక్కడి నుంచి అక్కడికి వలసపోయిన ఇల్లు వాళ్లది. కోడలిగా వచ్చిన కొత్తలో "భాకరి" అన్నప్పుడల్లా వాడంతా వెక్కిరించేది. నోటికి బుద్ధి చెప్పుకుని రొట్టె అనడం నేర్చుకుంది. చేతికి బుద్ధి చెప్పడం మరిచిపోయింది. ఇక చదువు సంగతా, "చదువుకున్న కోడలు నూలు కండెలు చుట్టది" అని అత్త భూమవ్వ మొదటి రోజే దాని గొంతు నొక్కింది. అత్త పోయినా ఆ మాట పోలేదు. నర్మదకు అక్షరాలు వచ్చని ఇంట్లో మొగుడికీ, ఊళ్లో ఎదురింటి అంబదాస్ కాకకూ తప్ప ఎవరికీ తెలియదు.

"సొసైటీవోళ్లు నూలు కార్డు గుంజుకుంటే నేనేం నెయ్యాలె? గాలి నెయ్యాన్నా?" అన్నాడు సిద్దిరాములు. "ఎవలు అడిగినా సప్పుడు చెయ్యకు. నీకు అక్షరం ముక్క రాదు. సమజైందా?"

రెండో ఇల్లు అంబదాస్‌ది. సోలాపూర్ మిల్లులో ఇరవై ఏళ్లు చేసి, ముసలితనంలో ఒంటరిగా తిరిగొచ్చి మగ్గం పెట్టుకున్నాడు. కళ్లద్దాలు, చంకలో ఎప్పుడూ మరాఠీ పేపరు. వారానికోసారి మేనల్లుడు టపాలో పంపేవాడు. ఆ పేపరుంది కనుకనే వాడలో ఆయనకు గౌరవం, పెద్దరికం. చైనా సంగతైనా చక్కెర సంగతైనా ఆయన్నే అడిగేవాళ్లు.

అసలు గుట్టు నర్మదకొక్కదానికే తెలుసు. అంబదాస్‌కు ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. కండెలు చుట్టించుకునే నెపంతో పెరట్లోకి వచ్చి, పేపరు ఆమె చేత చదివించుకుని, అరుగు మీద తను చదివినట్టు చెప్పేవాడు. ఊళ్లో మరాఠీ చదివేవాళ్లు ఇంకెవరూ లేరు గనుక ఆయన పేపరు తలకిందులుగా పట్టుకున్నా అడిగే దిక్కు లేదు.

మర్నాడే రామచంద్రం సొసైటీ ముంగిట్లో మీటింగు పెట్టాడు. అంగీ ఎప్పటిలాగే పెళపెళలాడింది. ఎవరూ తల ఎత్తలేదు, ఎత్తితే ఎక్కడ నవ్వొస్తుందోనని.

"రేడియో ఎవలది? సర్కారుది. సర్కారు ఎవలది? మనది. మన రేడియో మనల్నే ఎక్కిరిస్తే ఇగ గది ఉండి ఫాయిదా ఏంది?" అన్నాడు. "ఇది నాకైన అవమానం కాదు, మన కులానికైన అవమానం. ఊరు ఊరంతా తార్లు కొట్టాలె. గంగక్కను బంద్ చెయ్యాలె. రేడియోల మాఫీ చెప్పాలె. గా కార్డు మనకు పంపాలె. మహజరు మీద ఇంటింటికి సంతకం కావాలె. పెట్టనోళ్లకు నూలు లేదు."

ఇంకో జాబితా కూడా మొదలైంది, నవ్వినవాళ్లది. గుమస్తా బాలమల్లు పెన్ను పట్టుకుని అడిగాడు. "సాబ్, మొండయ్య నవ్వలేదట, దగ్గిండట. ఏమని రాయాలె?"

"దగ్గినట్టు నవ్విండని రాయి."

వరస కదిలింది. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. నర్మద వంతు వచ్చింది. బాలమల్లు సిరా డబ్బా ముందుకు జరిపాడు. తన పేరు రెండు భాషల్లో రాయగల మనిషి, బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద అద్దింది. తను రాసిన కార్డును తనే నేరమని ఒప్పుకున్నట్టయింది. సిరా వేలిని కొంగుకు తుడుచుకుని వరసలోంచి పక్కకు జరిగింది.

అంబదాస్ మాత్రం కాగితాన్ని ముట్టుకోలేదు. కళ్లద్దాలు సర్దుకుని, "నేను పెట్ట" అన్నాడు.

"ఎందుకు పెట్టవు?"

"పెట్ట. అంతే."

ఊరంతా ఒక్కసారిగా ఆయన వైపు తిరిగింది. సోలాపూర్ మనిషి. పేపరు చదివే మనిషి. భాకరి తినే మనిషి. ఇంకేం కావాలి? ఆ సాయంత్రమే ఆయనకు నూలు బంద్. ఎదురింటి మగ్గం చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నర్మదను కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. పాపం, వేలిముద్ర వేస్తే పరువు పోతుందని కదా కాక ఆగాడు! ఆ సంగతి ఆమె ఎవరితో చెప్పగలదు? ఆయన రాయలేదని తేలితే, మిగిలేది ఒక్క ఇల్లు.

టెలిగ్రాములు పోయాయి. పెద్దవాళ్ల సిఫారసు ఉత్తరాలు పోయాయి. పక్క తాలూకాల సొసైటీలు కూడా, ఆ కార్డు వినకుండానే, తమ మనసులు గాయపడ్డాయని రాశాయి. ఇరవై రోజులకు రేడియోలో గంగక్క బదులు ఎవరో మొగమనిషి వచ్చి, జరిగినదానికి చింతిస్తున్నామని ముక్కుతో చదివి, వరికి పట్టే పురుగుల గురించి చెప్పాడు. నవ్వే మనిషిని పట్నంలో కూడా బతకనివ్వరని ఆ రోజు అందరికీ తెలిసింది.

ఆ వారమే పట్నం రేడియో నుంచి కవరు వచ్చింది. అందులో కార్డు.

మళ్లీ ముంగిట్లో మంది చేరారు. రామచంద్రం కార్డును పైకెత్తి చూపించాడు. ఆయన నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి, తెలుగు కూడబలుక్కోవాలి. అందుకే బాలమల్లు చదివాడు. ఈసారి ఎవరూ దగ్గను కూడా దగ్గలేదు. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. ఆడవాళ్ల వెనక నిలబడ్డ నర్మదకు ఆ అక్షరాలు ఇంత దూరం నుంచి తనను పేరు పెట్టి పిలుస్తున్నట్టే అనిపించింది. సిద్దిరాములు ఆమె మణికట్టు పట్టుకుని వదల్లేదు.

"అంబదాసూ, గీ పెన్సిల్ పట్టు. భాకరి అని రాయి. దస్తూరి కలుస్తదో లేదో చూద్దాం."

అంబదాస్ చేతిలోకి పెన్సిల్ వచ్చింది. దాన్ని ఎలా పట్టుకోవాలో కూడా ఆయనకు తెలియదు. ఒక్క గీత గీస్తే చాలు, గుట్టు బయటపడుతుంది. ఆయన తప్పించుకుంటాడు, నర్మద దొరికిపోతుంది. ఆయన తల ఎత్తి మంది మీదుగా ఆమెను చూశాడు.

"రాసినోన్ని మళ్ల రాయమనుడేంది?" అని ఆయన పెన్సిల్ కింద పెట్టాడు. "ఒకపారి రాసిన. చాలు."

మంది ఒక్కసారిగా నిట్టూర్చారు. రామచంద్రం ముఖం వెలిగింది. ఒప్పుకున్నాడు కదా, ఇక పెద్దమనసు చూపించడానికి ఏం అడ్డం? "ముసలోనివి. నీ పొట్ట కొట్టి నేనేం బాగుపడుత? మాఫీ కాగితం తయారున్నది. సంతకం పెట్టు. నూలు రేపే తీస్కపో."

ఒక్క సంతకం! పెడితే అన్నం దొరుకుతుంది. పేరులో ఉన్నవి నాలుగైదు అక్షరాలు. అవే ఆయనకు రావు.

అంబదాస్ ఆ కాగితాన్ని వెనక్కి జరిపాడు. తర్వాత, "పెట్ట" అన్నాడు. "వేలు కోసినా పెట్ట."

మొగవాళ్లలో ఎవరో "శాబాష్" అనబోయి నోరు మూసుకున్నారు. ఇంత మొండితనం ఆ వాడ ఎన్నడూ చూడలేదు. ఆయన రాయలేడు గనుకనే పెట్టలేదని తెలిసినది నర్మద ఒక్కతే. 'ఆయనకు అక్షరం రాదు, రాసింది నేను' అనాలి, అంతే. సిద్దిరాములు చేయి వదిలేశాడు కూడా. ఆమెను పట్టుకున్నవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. అయినా నోరు తెరవలేదు. భయం, ఉత్త భయం. దానికి వేరే పేరు పెట్టి ఏం లాభం?

బాలమల్లు నూలు కార్డు చింపాడు.

రెండో రోజు పొద్దున అంబదాస్ సోలాపూర్‌కు బయల్దేరాడని తెలిసి, నర్మద నీళ్ల నెపంతో బిందె పట్టుకుని బస్సుల అడ్డా దాకా పరుగెత్తింది. ఆయన మూట మీద కూర్చుని ఉన్నాడు. అటుగా పోయేవాళ్లు గొంతు తగ్గించి, "గాయనే రాసింది" అని చూపించుకుంటున్నారు. ఒకాయన దండం కూడా పెట్టి పోయాడు.

"కాకా, నేను చెప్పాలె అనుకున్న. నోరు లేవలే. నన్ను చెప్పుతోని కొట్టు."

"చెప్తే ఏమైతుండె బిడ్డా? నీ ఇల్లు ఆగమైతుండె. ఫికర్ చెయ్యకు." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంతా నీ కోసమే అనుకోకు. నాకు సగం సిగ్గు. గంత మందిల వేలు ముంచుడు నాతోని కాలే."

నర్మద ఏడుపు ఆపుకోలేకపోయింది. అడ్డాలో మూడు బస్సులు ఒకదాని వెనకొకటి గుర్రుమంటున్నాయి. అంబదాస్ లేచి మూట ఎత్తుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి, ఆమె చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"నర్మదా, జర చూసి చెప్పు. రైలుకు పోను మంచిర్యాల బస్సు ఏదే? ఇప్పుడు నేను వేరేటోళ్లను అడిగితే బాగుండది."

ఆమె బోర్డుల వైపు తల ఎత్తబోయింది. ఎత్తేముందు, తను చదవడం ఎవరైనా చూస్తున్నారేమోనని నాలుగు దిక్కులా చూసుకుంది.