పెరగని కణాలు

మూసాపేటలో మెట్రో ఎక్కుతూ స్రవంతి మొక్కుకున్న మొక్కు వింటే ఏ దేవుడైనా జడుసుకుంటాడు. "స్వామీ, నా కణాలు పెరగకుండా చూడు!"

ఆమె పనిచేసేది మాదాపూర్‌లో ఒక చిన్న క్యాన్సర్ ల్యాబులో. ప్రోస్టేట్ కణాలకు బ్రేకు వేసే జన్యువొకటి ఉందని, గడ్డల్లో అది మాయమవుతోందని రెండేళ్లుగా ఆమె నమ్మకం. దాన్ని తిరిగి క్యాన్సర్ కణాల్లో పెడితే అవి ఆగాలి. రెండుసార్లు పెట్టింది. రెండుసార్లూ మొండికేసి పెరిగాయి. "ఇదే చివరిసారి. కాకపోతే ఈ జన్యువును వదిలేద్దాం," అన్నారు ల్యాబు పెద్ద మధు సార్.

వస్తూనే, మూడోసారి జన్యువు పెట్టిన కణాల ఫ్లాస్కును మైక్రోస్కోపు కింద పెట్టింది. ఐదు రోజుల కింద వేసినన్ని కణాలే బుద్ధిగా కూర్చుని ఉన్నాయి!

ఇక ఆమెకు పట్టపగ్గాల్లేవు. గ్లౌజులతోనే కారిడార్లోకి పరుగు తీసింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

నేల తుడుస్తున్న కనకమ్మ హడలిపోయింది. ఫంగస్ పట్టి కణాలు చచ్చినప్పుడల్లా ఈ పిల్లలు మొహాలు వేలాడేసుకోవడం ఆమె చూసిందే.

"ఏమైంది బిడ్డా? పెరగలేదా?"

"పెరగలే అమ్మా! ఒక్కటి గూడ పెరగలే!"

"ఫికర్ జెయ్యకు. రెండు డబ్బలల్ల గూడ పెరగలేదా?"

స్రవంతి గుండె గుభేల్మంది. రెండో ఫ్లాస్కు! జన్యువు పెట్టని కణాలు అందులో ఉన్నాయి. సంబరంలో దాన్ని చూడనే లేదు. అవీ పెరగకపోతే ఆపింది జన్యువు కాదు, ఏ పాడైన ద్రావణమో.

వెనక్కి పరుగెత్తింది. వెంట కనకమ్మ. కణాలను వెచ్చగా ఉంచే పెట్టె తలుపు తీసి చూస్తే, రెండో ఫ్లాస్కులో ఎర్రటి ద్రావణం పసుపుపచ్చగా మారిపోయి ఉంది. కణాలు విపరీతంగా పెరిగితే అలాగే అవుతుంది. మైక్రోస్కోపులో చూస్తే, ఆఫీసులు వదిలే వేళ మెట్రో పెట్టెలా కిక్కిరిసిపోయాయి.

"దీంట్ల మస్తు పెరిగినయమ్మా!"

"హమ్మయ్య, ఒక్కదాంట్లనన్న పెరిగినయి," అంది కనకమ్మ. స్రవంతి ఆమెను వాటేసుకుని గిర్రున తిప్పేసింది.

ఆ గోలకి మధు సార్ వచ్చారు. మొదటిది చూశారు, రెండోది చూశారు, మళ్లీ మొదటిది చూశారు. నవ్వు ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఇంకో మూడుసార్లు చేసినా ఇదే రావాలి, తెలుసుగా?"

వదిలేద్దామన్న మాట లేదు!

"ముప్పైసార్లు చేస్తా సార్," అంది స్రవంతి, కనకమ్మను ఇంకా వదలకుండానే.