మారు వడ్డన

మా అమ్మ నడిపే క్యాంటీన్‌లో మారు వడ్డించుకోకుండా లేచినవాడు లేడు. వద్దని కంచానికి చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పెడుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలతో గ్యాస్ తీసి పొయ్యి వెలిగిస్తానని అక్క పెరట్లో తొట్టి కట్టించింది. పెరడు బాబాయిది. ఆదివారానికి పొయ్యి వెలగకపోతే తొట్టి పీకించి అక్కడ కారు పెట్టుకుంటానన్నాడు. ఆయన అసలే మొండిఘటం.

ఆదివారం వచ్చేసరికి తొట్టి మీది డ్రమ్ము గ్యాసుతో నిండి పైకి తేలింది. నేను ఎగిరి గంతేశాను. అక్క పుల్ల గీసి పొయ్యి దగ్గర పెట్టింది. ఉఫ్‌మని ఆరిపోయింది. ఇంకోటి గీసింది, అదీ అంతే.

"మీ గ్యాసుకి నిప్పంటే భయమేమో," అన్నాడు బాబాయి.

నాకు ఒళ్లు మండింది. అక్కడ మండనిది పొయ్యి ఒక్కటే.

అక్క నిబ్బరం చూసి తీరాలి. తొట్టిలోంచి వచ్చే నీళ్లలో నీలి లిట్మస్ కాగితం ముంచింది. ఎర్రబడింది.

"గ్యాస్ ఉంది బాబాయ్. కానీ అందులో మండేది మీథేన్. అది సగానికి పైగా ఉండాలి. మిగతాది దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్, మంటని ఆర్పే రకం. లోపల పులిసిపోయి ఆ ఆర్పేదే ఎక్కువైంది. ఎవరో దీనికి మోతాదు మించి పెట్టారు."

అమ్మ నేల చూపులు చూసింది. "ఒక్క బకెట్‌తో దాని కడుపేం నిండుతుందని... రోజూ ఇంకో రెండు పోశానే."

నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. అక్క నవ్వేసింది. "అజీర్తి చేసిందమ్మా, లంఖణం పెడదాం. బాబాయ్, ఒక్క వారం ఆగు."

"వదిన మొహం చూసి ఆగుతున్నా," అన్నాడు.

అక్క ఆ పాడు గ్యాసు వదిలేసి, పులుపు విరగడానికి తొట్టిలో కాస్త సున్నపు తేట పోసింది. రోజూ కాగితం ముంచి చూసేది. అమ్మ మాత్రం తొట్టి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

వారం కాగానే బాబాయి కొలత టేపుతో సహా దిగాడు. అక్క పుల్ల గీసింది. నీలిమంట! పొగ లేదు, మసి లేదు, పారేసే తొక్కల్లోంచి వచ్చిన మంట. మా అక్కని చూస్తే గర్వంతో నా కళ్లు చెమర్చాయి. బాబాయి టేపు జేబులో దాచేసి, ఆ మంట మీద కాగిన టీ మారు అడిగి మరీ తాగాడు.

మర్నాడు అక్క బకెట్ అమ్మ చేతికిచ్చింది. "ఇకనుంచి దీనికి నువ్వే పెట్టాలి."

అమ్మ ఒక బకెట్ పోసింది. చెయ్యి రెండోదాని మీదికి పోయి, ఆగింది.

"చాల్లే, ఇవాళ్టికి ఇంతే," అంది తొట్టితో.

అమ్మ నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.