సుబ్బులు మడి కట్టింది

తలనిండా షాంపూ నురగతో, కళ్ళు గట్టిగా మూసుకుని, శరణ్య కుళాయి తిప్పింది. కుళాయి ఒకసారి దగ్గింది. రెండు చుక్కలు ఉమ్మింది. ఊరుకుంది.

"సుబ్బులూ, మోటారు వెయ్యి!" అని బాత్‌రూం తలుపులోంచి అరిచింది.

సుబ్బులు పలకలేదు.

సుబ్బులు ఆ ఇంటి పనిమనిషి కాదు. పనిమనిషి అంకమ్మ. ఆవిడ పిలిస్తే పలుకుతుంది, పిలవకపోయినా పలుకుతుంది. సుబ్బులంటే శరణ్య మొగుడు కృష్ణతేజ హాల్లో టీవీ బల్ల కింద పెట్టుకున్న నల్లపెట్టె. ఏదో ఆఫీసు మూతపడితే అమ్మేసిన పాత కంప్యూటరు కొనుక్కొచ్చి, దానికి డిస్కులు తగిలించి, వైర్లు చుట్టి, సర్వర్ అని పేరు పెట్టాడు. నోరిచ్చాక సుబ్బులన్నాడు. మొదట నారదుడు అనే పెట్టాడుగానీ, "మహర్షిని పట్టుకుని దొడ్డివైపు లైటు వెయ్యమంటావా, కళ్ళు పోతాయిరా" అని వాళ్ళమ్మ శ్యామలాంబ కేకలేసింది.

పెట్టె వచ్చిన కొత్తలో కృష్ణతేజ చెప్పిన మాట శరణ్యకీ నచ్చింది. "మన పిల్ల ఫొటోలు ఎవడో పరాయివాడి కంప్యూటర్లో ఎందుకుండాలి? మనింట్లో మన దగ్గరే ఉంటాయి" అన్నాడు. నిజమే కదా అనుకుంది. ఫొటోల వెనకాల అత్తగారి ప్రవచనాలొచ్చాయి. వాటి వెనకాల లైట్లు, ఫ్యాన్లు, మోటారు, గేటు. ఒక ఆదివారం లేచి చూసేసరికి గోడల మీద స్విచ్చులు లేవు. వాటి చోట తెల్లటి రేకులు బిగించి ఉన్నాయి. ఇంటి మొత్తానికి మిగిలిన మామూలు స్విచ్చు ఒక్కటే, సుబ్బులుకి కరెంటిచ్చేది.

అత్తగారు కొడుక్కి ఫోను కలిపి, తలుపు సందులోంచి అందించింది. "వాడితో నువ్వే మాట్లాడు తల్లీ. నాకు ఆ పెట్టెతోనూ మాటల్లేవు, దాని నాన్నతోనూ మాటల్లేవు."

"ఎక్కడున్నారు?" అంది శరణ్య.

"నిడుబ్రోలు దాటాం. ఏంటి విషయం?"

"నా తల. నీళ్ళు రావట్లేదు."

"అరెరె. పొద్దున అప్‌డేట్ పెట్టొచ్చాను. రీస్టార్ట్ అవుతున్నట్టుంది. ఐదు నిమిషాలు ఆగు. పెట్టె మీద ఏ లైటు వెలుగుతోందో చూసి చెప్పు, పచ్చదా, ఎర్రదా?"

"కళ్ళు మండిపోతున్నాయి మహానుభావా! ఇంకాసేపుంటే లోకమంతా ఎర్రగానే కనిపిస్తుంది."

చివరికి శ్యామలాంబ పక్కింటి నుంచి బకెట్టు నీళ్ళు మోసుకొచ్చింది. వస్తూ దారి పొడుగునా గంగానమ్మపేట వీధి మొత్తానికి కారణం చెప్పుకుంటూ వచ్చింది.

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు ఒక్కటయ్యారు. మామూలుగా ఆ ఇంట్లో అది పుష్కరాలకొచ్చినట్టు వస్తుంది.

శరణ్య బాధ నీళ్ళ గురించే కాదు. మొగుడూ పెళ్ళాలిద్దరికీ రోజు తెనాలి స్టేషన్లో మొదలవుతుంది. ఆవిడ రేపల్లె బండెక్కి వేమూరు బళ్ళో మూడో తరగతికి పాఠాలు చెప్పడానికి పోతుంది. ఆయన ఇంకా ముందే, ఇంకో లైను బండెక్కి బాపట్లలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబుకి పోతాడు. మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకునేది సాయంత్రమే. ఆ కాస్త సాయంత్రమూ పెట్టె తినేసింది. కాళ్ళు కడుక్కోగానే కంచం పట్టుకుని దాని ముందు కూర్చునేవాడు. ఎడంచేత్తో ముద్ద తినలేడు కాబట్టి కుడిచేత్తో తిని, ఆ చేత్తోనే కీబోర్డు నొక్కేవాడు.

"నాన్నా, మనింట్లోకి ఏనుగొచ్చింది" అంది ఒకరోజు వాళ్ళ కూతురు లాస్య, వింటున్నాడో లేదో పరీక్షిద్దామని.

"ఆఁ, వస్తున్నా తల్లీ, ఇదొక్కటి అయిపోనీ."

లాస్య వాళ్ళమ్మ దగ్గరికొచ్చి, "నాన్న నెట్‌వర్కులో లేడమ్మా" అని చెప్పి వెళ్ళిపోయింది.

అందుకని బండి దిగి ఇంటికొచ్చిన కృష్ణతేజని నిలబెట్టి అడిగింది శరణ్య. పెట్టె కావాలా, సాయంత్రాలు కావాలా? ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఒక్క క్షణమే ఆవిడకి ఒళ్ళు మండించింది.

శ్యామలాంబ తీర్పు చెప్పింది. "వచ్చే వారం మీ నాన్న తద్దినం. అది కానిచ్చి, దాన్ని పీకి అటక మీద పెట్టెయ్. పాత స్విచ్చులు బిగించెయ్. ఇంక మాట్లాడకు."

కృష్ణతేజ తలూపాడు. పెట్టె వైపు చూసిన చూపు మాత్రం, పిల్లని హాస్టల్లో దింపి వచ్చేవాడి చూపులా ఉంది.

*

తద్దినం రోజు ఆ ఇంట్లో మడి అంటే మాటలు కాదు. ముందురోజు ఎవరూ తాకకుండా పైదండెం మీద కర్రతో ఆరేసిన చీర కట్టుకుని, తడిజుట్టు ముడేసి, శ్యామలాంబ వంటింట్లోకి వెళ్ళిందంటే భోక్తలు లేచేదాకా ఆవిణ్ణి మనిషిగానీ, బట్టగానీ, గోడగానీ తాకకూడదు. కాఫీకి మాత్రం మినహాయింపు. కాఫీ ద్రవం కాబట్టి ఫరవాలేదని ఆవిడే నిర్ణయించుకుంది.

స్విచ్చులు మాత్రం గండమే. నలుగురూ నానా చేతులతో నొక్కేవి. అందుకని ఆ రోజుల్లో అంకమ్మ గుమ్మం దగ్గర కూర్చుని, "ఫ్యానమ్మా" అంటే ఫ్యాను, "మోటారమ్మా" అంటే మోటారు వేసేది. అంకమ్మ లేకపోతే శ్యామలాంబ పప్పు తెడ్డు తిరగేసి, దాని కొసతో నొక్కేది. చెక్కకి అంటు లేదని ఆవిడ సిద్ధాంతం. మడి లేని అంకమ్మ లేకపోతే తమ మడి పూట కూడా నిలవదు కదా, దేవుడు ఈ లెక్కలన్నీ చూస్తూ కూర్చుంటాడా అని శరణ్యకి అప్పుడప్పుడూ అనిపించేది. అనిపించగానే లెంపలేసుకునేది. వేసుకున్నాక మళ్ళీ అనిపించేది.

ఈసారి అంకమ్మ ఈపురుపాలెంలో పెళ్ళికి పోయింది. శరణ్యా మడే, కృష్ణతేజా మడే. లాస్య బడికెళ్ళింది. గారెల పప్పు సగం రుబ్బాక ట్యాంకు ఖాళీ అయింది.

"అమ్మాయ్, మోటారు!"

"నేనూ మడేనండీ అత్తయ్యా."

శ్యామలాంబ తెడ్డు పుచ్చుకుని గోడ దగ్గరికెళ్ళింది. స్విచ్చు లేదు. తెల్లరేకు నిగనిగలాడుతోంది. ఆవిడ తెడ్డు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ చూసింది. వసారాలో కృష్ణతేజ దర్భలు సర్దుకుంటూ, అమ్మ వైపు చూడకుండా, చెవులు మాత్రం ఇటే పెట్టి కూర్చున్నాడు.

అంతకుముందు ఆ పెట్టెతో ఒక్క మాటా మాట్లాడని శ్యామలాంబ గొంతు సవరించుకుంది. "సుబ్బులూ... కాస్త మోటారు వెయ్యమ్మా."

"వేస్తున్నానండి" అంది సుబ్బులు. దొడ్లో మోటారు గుర్రుమంది.

శ్యామలాంబ మొహంలో వచ్చిన వెలుగు చూసి శరణ్య గుండె జారిపోయింది. తరవాత లైటన్నది. తరవాత ఫ్యానన్నది. పులుసు పొంగుతుంటే, "సుబ్బులూ, గిన్నె దింపమ్మా" అని కూడా అనేసి, నాలిక్కరుచుకుంది.

"ఇన్నేళ్ళ నుంచీ ఇది ఎక్కడ పెట్టావురా కృష్ణా?" అంది ఆవిడ వసారాలోకి తొంగిచూసి. "ముట్టుకోకుండా పని చేస్తోంది. ఎదురు చెప్పదు. పెళ్ళికెళ్ళాలని సెలవడగదు."

"మరి అటక మీద పెట్టెయ్యమన్నావుగా అమ్మా" అన్నాడు కృష్ణతేజ, పరమ అమాయకంగా.

"ఎవరన్నారు? నేను నీ సాయంత్రాల సంగతి అన్నాను."

సాయంత్రాల మాట అన్నది తానేనని శరణ్య గారెల పిండికి మాత్రం చెప్పుకుంది.

మంత్రం చెప్పడానికొచ్చిన చంద్రశేఖరంగారు, అగ్నికార్యం అయ్యాక, విస్తళ్ళు వేసేలోపు కాస్త నడుం వాల్చి కూర్చున్నారు. శ్యామలాంబ వంటింటి గుమ్మంలోంచి సందేహం అడిగింది. "బాబూ, మరి ఈ సుబ్బులు చేత పని చేయిస్తే మడికేం లోపం లేదు కదా?"

చంద్రశేఖరంగారు గారెల వాసన పీల్చారు. "శాస్త్రంలో సుబ్బులు ప్రస్తావన లేదమ్మా. కానీ కరెంటంటే అగ్నే. అగ్నికి అంటు లేదు. మాట గాలిలో పోతుంది. గాలికీ అంటు లేదు. నిక్షేపంగా చేయించుకోండి."

కృష్ణతేజ మొహం పున్నమి చంద్రుడైంది. ఇక అయిపోయినట్టే. పెట్టె ఇంట్లోనే ఉంటుంది, మొగుడు దాని ముందే ఉంటాడు. శరణ్య గారె నూనెలో వేసి, అది తిరగబడేదాకా ఆలోచించింది. తరవాత తల వంచుకుని, మహా వినయంగా అడిగింది.

"అగ్నికి లేదండీ బాబాయిగారూ, ఒప్పుకుంటాను. మరి అగ్నిహోత్రం చేసేవాడికి మడి ఉండాలి కదండీ?"

"ఉండాలి మరి!"

"సుబ్బులు తనంతట తను పని చెయ్యదు. ఈయన రాసిపెడితేనే చేస్తుంది. ఈయనేమో రోజూ అన్నం తింటూ, ఆ చేత్తోనే..."

"ఎంగిలిచేత్తోనా!" అని శ్యామలాంబ అరిచిన అరుపుకి సుబ్బులు కూడా, "అర్థం కాలేదండి" అంది.

"ఒక్కోసారి మిరపకాయ బజ్జీలు కూడా తింటూ ఉంటారండీ" అని శరణ్య ఇంకాస్త నూనె పోసింది, మూకుట్లో.

"అబద్ధం! కడుక్కునే ముట్టుకుంటాను" అన్నాడు కృష్ణతేజ.

"బజ్జీకి కడుక్కుంటారా? ఆ కీబోర్డు దులిపితే పూటకి సరిపడా శనగపిండి రాలుతుంది."

శ్యామలాంబ చంద్రశేఖరంగారి వైపు తిరిగింది. ఆయన అప్పటికే విస్తరి వైపు తిరిగారు. "అమ్మాయి చెప్పింది సబబే. స్నానం చేసి, తడిపంచెతో, నోట్లో మెతుకు పడకముందు ముట్టుకుంటే సరి. తిన్నాక ముట్టుకోకూడదు. అంతే ధర్మం. వడ్డించండమ్మా, పొద్దు వాలుతోంది."

"పొద్దున్నే బండికి పోవాలి, ఎప్పుడు చేసుకోను?" అన్నాడు కృష్ణతేజ.

"నేను ఎప్పుడు లేస్తున్నానో అప్పుడే లేవండి" అంది శరణ్య. "మార్గశిరంలో చన్నీళ్ళ స్నానం ఒంటికి మంచిదట."

*

ఆ మర్నాటి నుంచి ఆ ఇంట్లో తెల్లవారుతూ ఉండగానే ఒక దృశ్యం. ఒంటికి అతుక్కున్న తడిపంచె, బొట్లు కారుతున్న జుట్టు, టకటకలాడుతున్న పళ్ళు, ఆ పళ్ళకి తాళం వేస్తూ కీబోర్డు. ఇదివరకు గంటలు పట్టే పనులు చిత్రంగా చిటికెలో అయిపోయేవి. చాలా అప్‌డేట్లు అసలు అక్కర్లేదని కృష్ణతేజకి జ్ఞానోదయమైంది. పని ముగించి, "అయింది, కాఫీ!" అని అరిచేవాడు. శరణ్య వేడి గ్లాసు అందిస్తూ ఆయన నీలిగోళ్ళు చూసి, కాస్త జాలిపడి, అంతలోనే జాలిని దాచేసుకునేది.

సాయంత్రాలు మాత్రం మొదట్లో ఆయనకి ఏం చెయ్యాలో తోచేది కాదు. బండి దిగి, ఉప్మా తిని, చేతులు ఒళ్ళో పెట్టుకుని పెట్టె వైపు చూస్తూ కూర్చునేవాడు. వారం తిరిగేసరికి చిక్కుడుకాయల ఈనెలు తియ్యడం నేర్చుకున్నాడు. ఇంకొన్నాళ్ళకి లాస్యకి ఎక్కాలు చెప్పడం మొదలుపెట్టాడు. శరణ్యతో కూడా మాట్లాడేవాడు. ఏం మాట్లాడేవాడంటే, రేపు పొద్దున సుబ్బులుకి ఏం చెయ్యబోతున్నాడో అది. మొగుణ్ణి తిరిగి సంపాదిస్తే ఆయన నోరు కూడా వస్తుందని ఆవిడ అనుకోలేదు. అయినా వింది. అర్థం కాకపోయినా, ఆయన చేతులు తిప్పుతూ చెప్తుంటే బాగానే ఉండేది.

ఒక శనివారం సాయంత్రం ఆయన బజ్జీలు తిని చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఇల్లు చీకటిగా ఉంది. సంధ్యవేళకి వాటంతటవే వెలగాల్సిన లైట్లు వెలగలేదు.

"సుబ్బులూ, లైటు" అన్నాడు. జవాబు లేదు. "సుబ్బులూ?"

"డిస్కు పోయిందేమో" అని ఆదుర్దాగా పెట్టె వైపు అడుగేశాడు.

"ఒరే! బజ్జీ తిన్నావు!" అంది దేవుడి గదిలోంచి శ్యామలాంబ.

ఆయన వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. "మరి చీకట్లో ఎలా?"

"దీపం ఉందిగా. మీ నాన్న ఆ దీపంలోనే చదువుకున్నాడు. రా, కూర్చో."

అందరూ దేవుడి గది గుమ్మం దగ్గర కూర్చున్నారు. లాస్య నాన్న ఒళ్ళోకెక్కింది. కృష్ణతేజ కాసేపు కాలు ఆడించి, తరవాత మానేసి, తన చిన్నప్పుడు రేపల్లె బండిలో నిద్రపోయి చివరిదాకా వెళ్ళిపోయిన కథ మొదలుపెట్టాడు. శరణ్యకి ఆ కథ తెలియదు. ఇన్నేళ్ళయినా తెలియదు. మధ్యలో లాస్య, "తాత కొట్టాడా?" అంటే, "స్టేషన్ మాస్టరు పెట్టిన అరటిపండు చూసి ముందు అది లాక్కున్నాడు, తరవాత కొట్టాడు" అన్నాడు. శ్యామలాంబ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మంచినీళ్ళ కోసం శరణ్య ఫోను లైటు వేసుకుని హాల్లోంచి వెళ్తూ టీవీ బల్ల కింద చూసింది. డిస్కూ పోలేదు, ఏమీ పోలేదు. ఇంట్లో మిగిలిన ఆ ఒక్క మామూలు స్విచ్చూ ఎవరో ఆర్పేశారు. దాని కింద గోడకి ఆనించి, అంచున ఆరిన పప్పు మరకతో, తెడ్డు ఉంది.

ఆవిడ కాసేపు ఆ తెడ్డు వైపే చూసింది. స్విచ్చు వెయ్యడానికి వంగి, మళ్ళీ లేచింది. తెడ్డు తీసుకెళ్ళి వంటింట్లో దాని చోట పెట్టి, నీళ్ళ చెంబుతో వచ్చి కూర్చుంది.

"ఏమైనా తెలిసిందా?" అన్నాడు కృష్ణతేజ.

"పొద్దున్న తడిపంచె కట్టుకుని మీరే చూసుకోండి. ఇప్పుడు నేనూ తిన్నాను." అత్తగారి వైపు చెంబు జరిపింది. "మీ తెడ్డు వంటింట్లో పెట్టానండీ అత్తయ్యా."

శ్యామలాంబ దీపం వత్తి కాస్త ఎగదోసింది. "పెట్టావూ? మంచిపని చేశావు" అంది. "ఊఁ, చెప్పరా. అరటిపండు లాక్కున్నాక?"